కంప కట్టిన బీడు

ఆకుకూరను డబ్బు పెట్టి కొనడం నాకు ఈనాటికీ మింగుడు పడదు. కోడలు బజారునుంచి దారం చుట్టిన కట్టలు తెస్తుంది. ఒక కట్టలో ఒకే ఆకు. అన్నీ ఒకే ఎత్తు, ఒకే రంగు. నేనేమీ అనను. లేత కాడలు కూడా గిల్లి పారేయబోతే మాత్రం ఊరుకోను, ఏరించి పప్పులో వేయిస్తాను. కడుపు నిండుతుంది. కానీ ఒకే ఆకు వండిన కూర నోట్లో పెట్టుకుంటే నాకు ఒక ఇల్లు గుర్తుకొస్తుంది. ముగ్గురు మనుషులు ఉండి కూడా మాట వినపడని ఇల్లు. అది చెప్పాలనే కూర్చున్నాను.

నేను హిందూపురంలో రెండో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత చెల్లెలు పుట్టిందని ఇంట్లో కూర్చోబెట్టారు. చదవడం అప్పుడే వచ్చింది. రాయడం మాత్రం నా కొడుకు పలక పక్కన కూర్చుని గట్టిపరుచుకున్నదే. కాబట్టి ఇందులో తప్పులుంటే ఉంటాయి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు నాకు పెళ్ళయింది. మెట్టినిల్లు పెనుకొండ కొండకు అవతలి పక్క, ఊరికి దూరంగా, చేన్లోనే ఉండేది. అత్త నేను రాకముందే పోయింది. పెనిమిటి ధర్మవరంలో నూనె మిల్లులో పని. మిల్లుకు సెలవిచ్చినప్పుడు వచ్చేవాడు, బట్టలు ఉతికించుకుని పోయేవాడు. ఇక ఉన్నది మా మామ, నేను, ఒక ఆవు, రెండు ఎద్దులు.

మామ చెడ్డవాడు కాదు. మాట ఖర్చు పెట్టేవాడు కాదు, అంతే. "నీళ్ళు" అనేవాడు. "సంగటి" అనేవాడు. చీకటి పడితే "దీపం తగ్గించు" అనేవాడు. హిందూపురంలో మా ఇంట్లో తెలుగు, కన్నడం కలిపి పొద్దస్తమానం ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉండేవాళ్ళు. ఇక్కడికి వచ్చిన కొత్తలో నేను ఒకసారి నోరు జారి డబ్బును దుడ్లు అన్నాను. "ఈడ రూకలంటారు" అన్నాడు మామ. ఆ వారమంతటికీ మా ఇంట్లో జరిగిన పెద్ద సంభాషణ అదే. మిగతా పొద్దంతా కొండ అవతల పోయే రైలు కూతలు వినేదాన్ని. హిందూపురం వైపు పోతోందా, ధర్మవరం వైపు పోతోందా అని కూతను బట్టి పోల్చుకోవడం ఒక పని అయింది నాకు.

చేను దాటితే కొండ వాలులో మాకు కొంత బీడు ఉండేది. ఎర్ర గరుసు నేల, మధ్యమధ్య బండలు. దున్నడానికి పనికిరాదు. ఎండ ముదిరినప్పుడు తాడిమర్రి పక్కనుంచి ఒక గొర్రెల మంద వచ్చేది. పగలు బీడులో మేసేది, రాత్రి మా చేన్లో పడుకునేది. ఆ పెంట, ఆ మూత్రం చేనుకు ఎరువు. దానికి బదులు మామ వాళ్ళకు జొన్నలు కొలిచేవాడు. ముంగారు వానలు, అంటే తొలకరి, పడి, ఏరువాక దాటగానే మంద కదిలిపోయేది. మళ్ళీ ఏడాదికి.

మందతో మొగుడూ పెళ్ళామూ వచ్చేవాళ్ళు. ఆమె నాకంటే చాలా పెద్దది. ఎండకు మాడి చెక్కలాగా ఉండేది. నడిచేటప్పుడు కూడా ఉన్ని వడుకుతూ నడిచేది. చేయి ఊరికే పెట్టుకునే మనిషి కాదు కాబట్టి నాకు మొదటి చూపులోనే నచ్చింది.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. ఏరువాక పున్నమినాడు మగవాళ్ళు ఎద్దులను కడిగి, నాగలికి పసుపు పెట్టి, తొలి సాలు దున్ని వస్తారు. ఆడవాళ్ళు ఆ రోజు బీడులో దొరికిన ఆకులన్నీ కలిపి ఒకే కుండలో వండాలి. కొన్నది వేయకూడదు, నాటింది వేయకూడదు, తనకు తాను మొలిచిందే వేయాలి. ఇంటి పెద్ద ముద్ద నోట్లో పెట్టుకునే ముందు "ఎన్ని రకాలు?" అని అడుగుతాడు. వండిన మనిషి చెప్పాలి. చెప్పిన తర్వాతే తింటారు. రకాలు ఎక్కువైతే పంట బాగా వస్తుందనేవాళ్ళు. అది నిజమో కాదో నాకు తెలియదు. కానీ ఏడాదంతా మాట్లాడని మామ ఆ ఒక్క రోజు నన్ను ఒక ప్రశ్న అడుగుతాడని తెలిసి, కొత్త కోడలిగా నేను తెల్లవారకముందే బీడులోకి పోయాను.

నాకు తెలిసినవి రెండే ఆకులు. దొగ్గలాకు, గంగపాయలాకు. వాటినే ఒడి నింపుకుని వస్తూ ఉంటే గొర్రెల వెనకనుంచి ఆమె నా ఒడిలోకి తొంగి చూసింది.

"ఏం పాపా, ఏరువాక కూరకు ఇంతేనా? మీ మామ కుండ తెచ్చి నీ నెత్తిన బోర్లిస్తాడు."

"నాకు ఇవే తెలుసక్కా. హిందూపురంలో మేము సంతలో కొనేవాళ్ళం."

"ఓయమ్మ, దుడ్లిచ్చి గడ్డి కొంటారా మీ ఊళ్ళో?"

ఆమె మందను మడకశిర పక్కకు కూడా తోలేదట. ఆ కన్నడ మాట అక్కడ పట్టుకుంది. ఆ దుడ్లు అన్న మాట వినేసరికి నాకు పుట్టింటి గడప తొక్కినట్టయింది. నవ్వాను. ఆ ఇంటికి వచ్చాక నా నవ్వు నేను వినడం అదే మొదలు.

ఆ రోజు ఆమె బీడంతా తిప్పింది. గురుగాకు, చెంచలాకు, తెల్లపూల తుమ్మి మొక్కది తుమ్మాకు, అటికమామిడి, లేత పల్లేరాకు, బండ పగుళ్ళలో పెరిగే పుల్లటి ఆకు ఒకటి. నేను రోజూ తొక్కుకుంటూ తిరిగిన నేలే. చివర్లో ఒక బండ వారన వంగి, దళసరిగా, నూగుతో ఉన్న ఆకును చూపించింది.

"ఇది గొర్రెచెవాకు. కూరకంతా దీని రుచే రుచి. దీని మాదిరే ఇంకొకటి ఉండాది, దీని సవితి. అది గానీ తిన్నావా, రెండు దినాలు చెంబు పట్టుకొని తిరగల్ల."

"రెండిటికీ తేడా ఎట్లక్కా?"

"చూస్తే తెలుస్తాది."

"నాకు ఒకటే మాదిరి కనపడతాండాయి. గొర్రె దేన్ని తింటే దాన్ని కోస్తే?"

"గొర్రె రెండూ తింటాది. దాని కడుపు వేరు, నీ కడుపు వేరు. నేనుండాను గదా, నేను కోసిస్తాలే."

ఆ మధ్యాహ్నం మామ ముద్ద పట్టుకుని "ఎన్ని రకాలు?" అన్నాడు. నేను వేళ్ళు మడుస్తూ ఒక్కొక్క పేరు చెప్పాను. ఒక చేయి చాలలేదు. మామ తల పైకెత్తి నన్ను చూశాడు. "మీ అత్త కూడా ఇన్ని ఎయ్యలేదు" అన్నాడు.

ఆ తర్వాతి ఏళ్ళలో కూడా అలాగే జరిగింది. మంద ఉన్నన్నాళ్ళూ నేను చేనిపని ముగించుకుని బీడులో ఆమె పక్కన కూర్చునేదాన్ని. ఊరికే కూర్చోలేదు. ఆమె ఉన్ని వడికితే నేను కాయలు వొలిచేదాన్ని. గొర్రెలు మేయడం చూసేవాళ్ళం. మా బీడులో బోద అనే గడ్డి ఉండేది. కొట్టాలపైన కప్పడానికి వేస్తారే, అది. వదిలేస్తే మనిషి నడుము దాటి పెరుగుతుంది. వాన పడి బోద లేతగా చిగురించగానే గొర్రెలు ముందు దాని మీదనే పడేవి. అది కురచ అయ్యేసరికి కింద చిన్న చిన్న ఆకులకు ఎండ తగిలేది. గిట్టలు గరుసును గీకేవి, ఆ గీతల్లో నీళ్ళు నిలిచి ఏవేవో మొలిచేవి. గోరువంకలు గొర్రెల వీపులెక్కి గోమార్లు ఏరుకు తినేవి. పేడపురుగులు పెంటను ఉండలు చేసి దొర్లించుకుపోయేవి. "చూడు, మా ఆయన కంటే అదే మేలు, సంపాదించింది ఇంటికి తీసుకపోతాండాది" అనేది ఆమె. మొగుడు దూరంనుంచి "ఇనపడతాండాదిలే" అనేవాడు.

కొత్త పైసలు వచ్చిన కాలంలో ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. ఎద్దులకు మేత చాలక మామ చింతాకు కొమ్మలు కొట్టి వేశాడు. ఆ చలికాలంలో ఒక పొద్దున ఆయన గొడ్డలి భుజాన వేసుకుని అన్నాడు.

"బీడుకు కంప కడతా."

"ఎందుకు మామా?"

"ఊరి బీడు చూసినావు గదా. ఏడాది పొడుగునా అందరి గొర్రెలూ మేకలూ పడి తిని, వెంపలి, తంగేడు తప్ప ఏమన్నా ఉండాదా ఆడ? మనదీ అట్లే అయితాది. గడ్డిని నిలబెడితే ఎద్దులకు ఏడాది మేత."

ఊరి బీడు సంగతి అబద్ధం కాదు. అది నిజంగానే బోడిగా ఉండేది. పశువు నోరు పెట్టని వెంపలి చెట్లు, ఉమ్మెత్త, పైన దుమ్ము. ఆయన లెక్క ఆయనకు సరిగానే ఉంది. ఉన్నదాన్ని కాపాడుకోవాలన్న మాట నా చెవికి కూడా ఎప్పుడూ ఇంపే. ఒక్కటే అడిగాను.

"మంద వస్తే?"

"చేన్లో పండుకోనీ. బీడులోకి మాత్రం వద్దు."

రేగు కంప, తుమ్మ కంప కొట్టి, ఒకదానిలో ఒకటి దూర్చి, కోడిపిల్ల కూడా దూరనట్టు బీడు చుట్టూ కట్టేశాడు. ఎండలు ముదిరాయి. మంద వచ్చింది. గొర్రెలు అలవాటు చొప్పున నేరుగా బీడువైపు పోయి కంపకు ముట్టెలు ఆనించి నిలబడ్డాయి. ఆమె మొగుడు తలగుడ్డ సర్దుకుని మామ దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, మేము దొంగలమా?"

"దొంగలని ఎవరన్నారు? గడ్డి నిలబెడతాండా. మీరు చేన్లో మంద కట్టుకోండి, జొన్నలు ఎప్పటి మాదిరే ఇస్తా."

"మేత ఇయ్యకుండా పెంట అడుగుతాండావే, అది యాడ్నుంచి వస్తాదప్పా?"

"ఊరి బీడులో మేపుకో."

"ఆడ మేస్తే మా గొర్రెలు నీ చేనుదాకా నడవలేవు, ఆడనే పండుకుంటాయి."

మామకు వాదించడం కూడా ఖర్చే. మొగుడు మందను మళ్ళించాడు. ఆమె కంప పక్కన నిలబడి కొంగుతో మెడ తుడుచుకుంది.

"చెన్నేకొత్తపల్లి పక్క పోతాం పాపా."

"ఏరువాకకు గొర్రెచెవాకు ఎవరు కోసిస్తారు?"

"మల్లొచ్చినప్పుడు చూపిస్తాలే. అంతవరకు అది ల్యాకనే వండుకో. సచ్చిపోవులే."

మెడగంటల చప్పుడు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను. తర్వాత ఆవుకు నీళ్ళు పెట్టాను.

మొదటి ఏడు మామదే గెలుపు. వాన పడి బోద మోకాళ్ళ దాకా లేచింది. ఆయన సాయంత్రం కంప పక్కన నిలబడి చూసుకునేవాడు. ఆకులు కూడా దొరికాయి. గొర్రెచెవాకు ఒకటి వదిలి మిగతావన్నీ వేసి వండాను. రెండో ఏడు బోద నడుము దాటింది. ఎండిన పాత గడ్డి పడిపోకుండా దుబ్బుల్లో అలాగే నిలబడి, కొత్త గడ్డి దానిలోనుంచి వచ్చింది. కింద చేయి పెట్టి చూస్తే చల్లగా, చీకటిగా ఉండేది. ఆ చీకట్లో చెంచలాకు పాలిపోయి, దారంలాగా సాగి ఉండేది. తుమ్మాకు ఎక్కడో అంచులో మిగిలింది. తర్వాతి ఏడు అదీ లేదు.

పోయినవి ఆకులు మాత్రమే కాదు. గోరువంకలు రావడం మానుకున్నాయి. గొర్రె లేనిచోట వాటికేం పని? పేడపురుగులు కనపడలేదు. నేలమీద పరుగెత్తే కంజుపిట్టలు, నిలువు గడ్డిలో పరుగెత్తలేకనేమో, ఊరి బీడు వైపు పోయాయి. వాటికి బదులు ఎలుకలు చేరాయి. దట్టమైన బోద వాటికి ఇల్లు కట్టి ఇచ్చినట్టయింది. రాత్రి చేన్లోకి దిగి శనక్కాయలను ఊడ తెంపి లాక్కుపోయేవి. ఎలుకల కోసం పాములు వచ్చాయి. ఒక పొద్దున కల్లంలో జెర్రిపోతును చూసి నేను చేట వదిలేశాను. ఇక ఏ ఎద్దుల కోసం కంప కట్టాడో ఆ ఎద్దులు ముదిరిన బోదను మూతి పెట్టి వాసన చూసి పక్కకు తిరిగేవి. మామ ఉప్పునీళ్ళు చల్లి చూశాడు. అప్పుడూ తినలేదు.

ఈ మధ్యలో నాకు కొడుకు పుట్టాడు. హిందూపురంలో కని, మూడో నెలలో తీసుకుని వచ్చాను. వాడికి మాటలు ఆలస్యంగా వచ్చాయి. ఊళ్ళో ఒక ముసలామె నాలుక కింద తేనె రాయమంది. వాడి నాలుకలో ఏ లోపమూ లేదని నాకు తెలుసు. ఆ ఇంట్లో వినడానికి మాటలుంటే కదా, నేర్చుకోవడానికి. నేను ఆవుతో మాట్లాడితే వాడు ఆవు ముఖం చూసేవాడు. వాడు మొదట నేర్చుకున్నది రైలు కూత.

ఒక ఏరువాకనాడు బీడులోకి పోయాను. పొద్దెక్కేదాకా తిరిగాను. బోద అంచులు మోచేతులను కోశాయి. కంప అవతల, చేనిగట్టు మీద, ఎద్దులు తొక్కినచోట గురుగాకు దొరికింది. అదొక్కటే. కుండలో అదే వేశాను. కొన్న ఆకు కలిపితే ఎవరికీ తెలియదు, కానీ పద్ధతి పద్ధతే.

మామ తొలి సాలు దున్ని వచ్చి కూర్చున్నాడు. ముద్ద చేసుకున్నాడు.

"ఎన్ని రకాలు?"

"ఒకటి మామా."

ముద్ద చేతిలోనే ఆగింది. "ఒకటా?"

"గురుగాకు. అదీ గట్టు మీదిది. బీడులో బోద తప్ప ఏమీ ల్యా."

ఆయన కూరను వేలితో కదిపి చూశాడు. తర్వాత తిన్నాడు. పూర్తిగా తిన్నాడు, తట్ట కడుక్కున్నాడు. లేస్తూ "ఉప్పు సరిపోయింది" అన్నాడు. మర్నాడు పొద్దున గొడ్డలి, కొంకి తీసుకుని పోయి కట్టిన కంపను తానే లాగడం మొదలుపెట్టాడు. నేను సాయం పోతే వద్దన్నాడు. రాత్రి చేతులు ముందు పెట్టుకుని కూర్చుంటే ముళ్ళు మాత్రం నేనే తీశాను.

కంప పోయింది గాని బోద పోలేదు. కొంత కోసి కొట్టానికి వేశాం. మిగిలిన మొదళ్ళు ఇనుములాగా ఉండేవి. ఊరి మేకలను వదలడానికి మామకు ధైర్యం చాలలేదు. వదిలితే ఏడాదంతా అక్కడే ఉంటాయి, ఊరి బీడు ఎలా అయిందో అలా అవుతుంది. వచ్చి, మేసి, పోయేవాళ్ళు కావాలి. అలాంటి మంద ఆయనకు తెలిసింది ఒకటే. దాన్ని తానే మళ్ళించాడు.

ఆ చలికాలం పోయాక ఆయన కదిరి తేరు తిరణాలకు బయలుదేరాడు. ఎప్పుడూ పోయేవాడు కాదు. ఎద్దు కోసం అన్నాడు. ఎద్దు లేకుండానే వచ్చాడు. కాళ్ళు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా, "తేరు కాడ ఆ గొర్రెలాయప్ప కనపడినాడు" అన్నాడు.

"ఏమన్నాడు మామా?"

"వస్తామన్నాడు."

మా మామ ఒకరిని అడుక్కోవడం నేను చూడలేదు. చూడకూడదనే అంత దూరం పోయి అడిగాడనుకుంటాను.

ఆ దినంనుంచి నేను ఎదురుచూశాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను. పుట్టింటివాళ్ళు పంపిన హిందూపురం బెల్లంలో రెండు అచ్చులు గుడ్డలో కట్టి ఉట్టిమీద పెట్టాను. కొడుకు అడిగినా ఇవ్వలేదు. ఆమెకు బెల్లం ఇష్టం. ఆమెకు చెప్పవలసినవి, మూడు నాలుగేళ్ళవి, పని చేసుకుంటూ లోపల వరస పెట్టుకునేదాన్ని. ఎలుకల సంగతి, పాము సంగతి, పిల్లవాడి సంగతి. ఆమె దేనికి ఏమని నవ్వుతుందో కూడా నేనే అనుకునేదాన్ని.

ఒక సాయంత్రం గంటలు వినపడ్డాయి. పిల్లవాడిని చంకనేసుకుని చేనుదాకా పరుగెత్తాను. మంద వచ్చింది. ముందు ఆమె మొగుడు, వెనక ఒక పడుచుపిల్ల. వాళ్ళ కొత్త కోడలట. నేను ఇంకా వెనక్కు చూశాను. దుమ్ము తప్ప ఎవరూ లేరు.

"ఆయక్క యాడ?"

"దానికి కండ్లు సరిగా కనపడ్డంల్యామ్మా. మంద వెనక నడవలేకపోతాంది. ధర్మవరంలో కూతురింట్లో ఇడిసిపెట్టొచ్చినా. మగ్గాలకు కండెలు చుడతాంది."

ఆ కోడలు నెమ్మదైన పిల్ల. నేను పలకరిస్తే తల ఊపేది. అంతకుమించి ఏమీ అనేది కాదు. బెల్లం అచ్చులు దించలేదు.

మంద మాత్రం తన పని తాను చేసింది. వాన పడి బోద మొదళ్ళనుంచి చిగురు రాగానే గొర్రెలు దాన్ని నేలకంటా కొరికాయి. పాత దుబ్బులు తొక్కిడికి విరిగాయి. వారం తిరక్కముందే గోరువంకలు ఎక్కడనుంచి వచ్చాయో వచ్చి వీపులెక్కాయి. తొలి ఏడే గురుగాకు, చెంచలాకు బీడులోకి వచ్చాయి. పల్లేరు మరుసటి ఏడు వచ్చింది, గొర్రెల ఉన్నికి పట్టుకుని వచ్చి ఉంటుంది. తుమ్మాకు ఆ తర్వాత. బండ పగుళ్ళలోని పుల్లటి ఆకు మళ్ళీ రాలేదు. ఎలుకలు తగ్గాయి. అన్నీ ముందు ఉన్నట్టే అయ్యాయని చెప్పలేను. కొన్ని వచ్చాయి, కొన్ని మునుపు ఉన్నచోటికి రాలేదు, ముందు లేనివి ఒకటి రెండు వచ్చాయి.

ఒకసారి, ఏరువాకకు రెండు మూడు రోజుల ముందు, బండ వారన దళసరిగా, నూగుతో ఒక ఆకు కనపడింది. కూర్చుని చూశాను. గొర్రెచెవాకే అనిపించింది. సవితే అనిపించింది. కోయలేదు.

ఆ ఏరువాకకు మామ అడిగితే పేర్లు చెప్పి, "ఇంకొకటి ఉండాది మామా, ఎయ్యలేదు. గొర్రెచెవాకో, దాని సవితో తెలీలేదు" అన్నాను.

ఆయన ముద్ద మింగి, నీళ్ళు తాగి, నాతో ఆయన ఎన్నడూ ఆడనంత పొడుగు మాట ఆడాడు. "ఆయమ్మ ధర్మవరంలోనే ఉండాది గదా. మీ ఆయన కాడికి ఎట్లాగూ పోవల్ల నువ్వు. ఆకు తీసుకపొయ్యి అడుగు. పిల్లోన్ని నేను చూసుకుంటా."

ఆకును తడిగుడ్డలో చుట్టి, దాన్ని చెంబులో పెట్టి, బెల్లం అచ్చులు మూట కట్టి రైలెక్కాను. పెనిమిటి నన్ను మగ్గాల వీధి మొదట్లో వదిలి మిల్లుకు పోయాడు. వీధి పొడుగునా ప్రతి ఇంట్లోనూ మగ్గం చప్పుడే. ఆమె ఒక చీకటి వసారాలో, గోడకు ఆనుకుని, రాట్నం ముందు కూర్చుని ఉంది. పట్టుదారం చేతికి తగిలే కొద్దీ చుడుతోంది. చేయి అప్పుడూ ఊరికే లేదు.

"అక్కా" అన్నాను.

రాట్నం ఆగింది. "హిందూపురం పాపా?"

నేను అన్ని ఏళ్ళు వరస పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. బెల్లం చేతిలో పెట్టాను. ఆమె వాసన చూసి, ఒక ముక్క కొరికి, "దుడ్లిచ్చి కొన్యావా, ఉత్తగా వచ్చిందా?" అంది. ఉత్తగానే అన్నాను. "అయితే ఇంకా తియ్యగా ఉంటాది" అంది. ఇద్దరం నవ్వాం. తర్వాత ఆకు ఇచ్చాను.

ఆమె దాన్ని వేళ్ళతో రాసింది. నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"నేను ఆకును చూసి చెప్పేదాన్ని కాదు పాపా. అది నిలబడిన తావు చూసి చెప్పేదాన్ని. దాని పక్కన ఏముండాది?"

"బండ ఉండాదక్కా."

"బండ కాదు. మొక్కలు. తుమ్మాకు ఉండాదా? బోద ఎంత దూరంలో ఉండాది? గొర్రె కొరికినాక చిగురు పక్కనుంచి వచ్చిందా, మొదల్లోనుంచా?"

నేను చూడలేదు. ఆకునే చూశాను, ఆకునే తెచ్చాను.

"ఒక్కదాన్ని పెరుక్కొచ్చి చేతిలో పెడితే నాకేం తెలుస్తాది? పొయ్యి చూసి రా. వచ్చి చెప్పు, నేను చెప్తా."

"బండి కట్టిస్తా, నువ్వే రాక్కా."

"వచ్చి ఏం చూసేది?" అంది ఆమె. రాట్నం మళ్ళీ తిప్పింది. పక్కింటి మగ్గం చప్పుడుకు ఆ తర్వాత ఆమె అన్న మాట నాకు వినపడలేదు. మళ్ళీ అడగలేదు.

ఇంటికి రాగానే బీడులోకి పోయి ఆ బండ పక్కన కూర్చున్నాను. కింది పక్క తుమ్మాకు రెండు మొక్కలు. పై పక్క జానెడు దూరంలో బోద, గొర్రెలు కురచ చేసినది. వాటి మధ్య చీమల పుట్ట. కొరికినచోట చిగురు పక్కనుంచి వచ్చింది, మొదల్లోనుంచి కాదు. అంతా నోటికి వచ్చేదాకా చూశాను. పంట ఎత్తాక పోయి చెప్దామనుకున్నాను. అప్పటిదాకా చేను వదిలి కదిలే వీలు లేదు. పంట ఎత్తి, కాయలు ఆరబోసే రోజుల్లో ఆమె మొగుడు ఊరిమీదుగా పోతూ, వాకిట్లో నిలబడి, ఆమె పోయిందని చెప్పాడు.

మరుసటి ఏడు కూడా ఆ ఆకు అక్కడే మొలిచింది. చుట్టూ అన్నీ అలాగే ఉన్నాయి. తుమ్మాకు, బోద, చీమలు. ఏరువాకనాడు దాని ముందు కాసేపు కూర్చుని, మిగతావి ఒడి నింపుకుని లేచాను. ఇంట్లో మామ ముద్ద చేసుకుని, పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"ఎన్ని రకాలు?"

పేర్లన్నీ చెప్పాను. ఒక్క దానిది చెప్పలేదు. మామ కూడా అడగలేదు. పిల్లవాడు మాత్రం నేను చెప్పిన పేర్లను ఒకటొకటిగా, తడబడకుండా, తిరిగి చెప్పాడు.